నీలం గీత

నేను ఒక కటింగ్ కాగితాన్ని. బట్ట మీద పరిచి, చుట్టూ సుద్దతో గీసుకుని, పని కాగానే చుట్టేసి మూల పడేస్తారే, ఆ గోధుమరంగు కాగితాన్ని. కొత్త బట్ట చూసి మీరు గుడ్డను మెచ్చుకుంటారు, బుద్ధి పుడితే కుట్టినవాళ్ళనూ మెచ్చుకుంటారు. నన్ను తలుచుకున్న పాపాన ఎవరూ పోలేదు. అందుకని నా కథ నేనే చెప్పుకుంటున్నాను.

పుట్టుకతో నేను నైటీని. విజయనగరంలో మిషను కుట్టే నూకాలు తన కోసమే నన్ను తయారు చేసుకుంది. తన భుజాలు, తన నడుము, తన పొడుగు కొలిచి నా మీద నీలం పెన్సిలుతో గీత గీసింది. ఆ గీతంటే నాకు భలే గర్వంగా ఉండేది.

నూకాలు మొగుడు సన్యాసిరావుకి పుట్టినరోజు విందుల్లో జోకరు వేషం దొరికింది. అద్దెకు తెచ్చిన వేషం చంకల్లో బిగుతు, దానికి తోడు పాత చెమట కంపు. దాంతో ఇంట్లోనే కుట్టమన్నాడు. జోకరు బట్టలకి కటింగ్ ఎక్కడ దొరుకుతుంది? నూకాలు దగ్గరున్న టైలరింగ్ పుస్తకంలో లంగా నుంచి సఫారీ దాకా ఉన్నాయి కానీ జోకరు లేడు. ఫోనులో ఎవరో దొరసాని కత్తిరిస్తుంటే మాట అర్థం కాకపోయినా మళ్ళీ మళ్ళీ చూసింది. చివరికి, "సొక్కా పాంటూ ఒకటే ముక్క, మనిషి కంటే పెద్దది. ఇంతే కదేటి" అని లేచి నన్ను తీసింది.

నా కింది భాగాన్ని మధ్యకు చీల్చి కాళ్ళు చేసింది. పక్కలకి పాత పేపరు ముక్కలు అతికించింది. నా కుడి పక్కన 'వరుడు కావలెను' అని ఉండేది. మొగుడి కొలత ఎర్ర పెన్సిలుతో గీసింది, తన నీలం గీతను మాత్రం చెరపలేదు. కుట్టిన వేషానికి నడుము గుండ్రంగా నిలబడడానికి ప్లాస్టిక్ గొట్టం దూర్చింది, మెడకి దండిగా కుచ్చులు పెట్టింది. అతను మొదటిసారి వంగినప్పుడు తొడల మధ్య పర్రున చిరిగితే అక్కడ నాలుగు మూలల ముక్క వేసి కుట్టింది. వేషమే కాదు, నడకా నూకాలుదే. తన కాలు తనే తొక్కుకుని, పడబోయి పడకుండా నిలబడే నడక. వంటింట్లో నడిచి చూపిస్తే సన్యాసిరావు నేర్చుకున్నాడు. ఆ నడకకే పిల్లలు పగలబడి నవ్వేవారు.

ఒకనాడు బాగా నవ్వులు పండించి వచ్చి, సంతోషం పట్టలేక మాటిచ్చాడు.

"ఒలే నూకాలూ, రెండో ఏసం నీదే. ఇద్దరం కలిసి ఎల్దాం."

ఆ మాటకి ఆవిడ ముఖం చూడాలి మీరు. అతికించిన పేపర్లను నీలం గీత దాకా వెనక్కి మడిచి, పచ్చటి చుక్కల గుడ్డ మీద నన్ను పరిచింది. మడతే పెట్టింది, కొయ్యలేదు. మడతయితే మళ్ళీ విప్పుకోవచ్చు. రెండో జత కుట్టి వేసుకుని ముగ్గుపిండి ముఖానికి రాసుకుని గుమ్మంలో నడిస్తే వీధి పిల్లలు కుళాయి వదిలేసి పరిగెత్తుకొచ్చారు. అంత బాగా సన్యాసిరావుకి ఏనాడూ నవ్వలేదు వాళ్ళు. అతను అరుగు మీద కూర్చుని అంతా చూశాడు.

వారం తిరక్కుండానే తన స్నేహితుడు ఈశ్వర్రావుని వెంటబెట్టుకొచ్చాడు. ఒక జోకరు గుమ్మడికాయలా, ఒక జోకరు ములక్కాడలా ఉంటే జనానికి నచ్చుతుందట. రెండో జతని ములక్కాడకి సరిపెట్టమన్నాడు. మరి నా సంగతేటని నూకాలు అడిగింది. సన్యాసిరావు కళ్ళు నా మీద పెట్టి మాట్లాడాడు, ఆవిడ వైపు చూడలేదు.

"ఆడమనిషివి, జోకరేసం కడితే ఏటనుకుంతారు? నలుగురూ నవ్వుతారే."

విన్నారా? నలుగురూ నవ్వితేనే వాడికి అన్నం! కాగితానికి ఒళ్ళు మండకూడదు, బూడిదవుతుంది. అయినా నాకు మండింది. వాడి కోసం నన్ను చీల్చినా, అతికించినా, మూరెడు సాగదీసినా ఓర్చుకున్నాను. నూకాలు కూడా అంతే. ఇద్దరినీ ఒక్క మాటతో మోసం చేశాడు.

నూకాలు ఏడవలేదు, దెబ్బలాడలేదు. ఈశ్వర్రావు కొలతలు తీసుకుంది. కుట్లు విప్పి గుడ్డను సన్నం చేసింది. తర్వాత నన్ను తీసింది. మడత పెడుతుందనుకున్నాను. కత్తెర పెట్టింది. చంక నుంచి మడమ దాకా నీలం గీతకు లోపలగా కోసుకుంటూ పోయింది. వాడు చేసిన దానికంటే ఆ కోతే నన్ను ఎక్కువ బాధపెట్టింది. నువ్వు కూడానా అమ్మా అని అడుగుదామంటే నాకు నోరు లేదు.

ఆ నడకని సన్యాసిరావు ఈశ్వర్రావుకి నేర్పాడు, అదీ నూకాలు కళ్ళ ముందే. కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత ఈశ్వర్రావు విశాఖలో ఏదో పని దొరికిందని వెళ్ళిపోయాడు. అప్పటికే ఒక పుట్టినరోజుకి ఇద్దరు జోకర్లొస్తారని మాటిచ్చేసి ఉన్నారు. సన్యాసిరావు గుమ్మంలో కాసేపు తచ్చాడి, నూకాలుని తనతో రమ్మన్నాడు. నీ కటింగ్ ఉంది కదా, తియ్యవే అన్నాడు.

ఆవిడ బియ్యం డబ్బా వెనక నుంచి నన్ను తీసి మంచం మీద పరిచింది.

"నా గీత కోసీసినాను," అంది.

కొత్తది గీసుకుంటే పోయె, అదెంతసేపని బతిమాలాడు. నూకాలు నన్ను నెమ్మదిగా చుట్టింది.

"ఒద్దు. నలుగురూ నవ్వుతారు."

 ఆ సాయంత్రం సన్యాసిరావు కుచ్చుల కాలరు తగిలించుకుని ఒక్కడే వెళ్ళాడు.

నేను మళ్ళీ బియ్యం డబ్బా వెనక్కి చేరాను. నూకాలు నన్ను మడవకుండా ఎందుకు కోసిందో ఇప్పుడు నాకు తెలుసు, ఆవిడ మీద కోపం లేదు. కోసేసిన ఆ నీలం గీత ముక్క ఏమైందని సన్యాసిరావు ఇంతవరకూ అడగలేదు. మిషనుకి ఒక కాలు పొట్టి. ఆ ముక్క దాని కింద నాలుగు మడతలుగా ఉంది.