అంజలి కూర్చున్న చోటు

మా వదిన కదిరమ్మకు ఒక జబ్బు ఉంది. మా ఇంట్లో ఏ తప్పు జరిగినా సోమందేపల్లె నుంచి బస్సెక్కి వచ్చి తీర్పు చెప్పకపోతే ఆమెకు అన్నం సయించదు. ఆ జబ్బుకు ఏ డాక్టరూ పేరు పెట్టలేదు. నా జబ్బుకు మాత్రం పెట్టాడు. అనంతపురం డాక్టరు దాన్ని ఏడీహెచ్‌డీ అన్నాడు. మనసు ఒకచోట నిలవదని, చిన్నప్పటి నుంచే ఉందని, ఇది పొగరూ కాదు సోమరితనమూ కాదని చెప్పాడు. మాత్రలు రాసి, కళ్యాణదుర్గంలో కౌన్సిలర్ దగ్గరికి కూడా వెళ్లమన్నాడు.

"పని ఎగ్గొట్టేదానికి ఇంగ్లీషు పేరు తెచ్చుకున్నాది సూడు," అంది వదిన. నా మొగుడు తిప్పేష్ పక్కనే ఉన్నాడు. అక్క ముందు ఆయనకు నోరు పెగలదు. చెప్పుల వంక చూసుకుంటూ నిలబడ్డాడు, మహానుభావుడు.

పోయిన ఏడాది విత్తనానికని దాచిన శనక్కాయలను ఉడకబెట్టి వీధంతా పంచాను. మూట విప్పేటప్పుడు నా మనసు ఎక్కడో ఉంది. దానికి ఏడాదంతా నవ్వారు. తిన్నవాళ్లే ఎక్కువ నవ్వారు. ఉప్పు బాగా సరిపోయిందని ఆ రోజు మెచ్చుకున్నవి ఆ నోళ్లే.

కంబదూరు సంతలో జరిగినదానికి మాత్రం ఎవరూ నవ్వలేదు. నా కూతురు అంజలి ఒకటో తరగతి. దాన్ని గాజుల అంగడి దగ్గర కూర్చోబెట్టి, కదలొద్దని చెప్పి, కొడవలి బేరం చేయడానికి వెళ్లాను. అంతలో ఇంకేదో గుర్తొచ్చింది, ఊరికి పోయే ఆటో కనబడింది, ఎక్కేశాను. సగం దారిలో పక్కనామె ఒళ్లో బిడ్డను చూశాక గాని అంజలి గుర్తుకు రాలేదు. దిగి వెనక్కి పరుగెత్తాను. అంజలి అక్కడే ఉంది.

వదిన తీర్పు వెంటనే వచ్చేసింది. విత్తనం కాయలు ఒలవడానికి వచ్చినప్పుడు పిల్లను తనతో తీసుకుపోయి సోమందేపల్లె బడిలో వేస్తుందట. "సరే అక్కా," అన్నాడు తిప్పేష్. నా బిడ్డ సంగతి నన్ను అడిగిన మనిషి లేడు.

అందుకే కౌన్సిలర్ దగ్గరికి వెళ్లాను, ఏదో ఒక ఉపాయం చెబుతుందని. ఆమె పేరు కృపాకుమారి. మెత్తటి సోఫా, గోడకు సముద్రం బొమ్మ. మాకు వాన పడటమే గగనం, ఈమెకు సముద్రం కావాలి.

"నా బిడ్డను తీసుకపోతారంట మేడం. భయంగా ఉండాది," అన్నాను.

"భయంగా ఉండాది," అందామె. అంతే. మళ్లీ నేనే మాట్లాడాలి.

"నేనేం చేయల్ల మేడం?"

"నీకేం చేయాలనుండాదమ్మా?"

ఒళ్లు మండిపోయింది. చిలకను పెంచుకున్నా ఈ మాత్రం పలుకుతుంది. బయటికొచ్చాక బస్టాండులో పదిమందికీ వినబడేలా ఆమెను తిట్టిపోశాను.

అయినా మళ్లీ వెళ్లాను. ఎందుకంటే ఆమె ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. తాయెత్తు కట్టుకో అనలేదు, ఒళ్లు దగ్గర పెట్టుకో అనలేదు. అలాంటి మనిషిని నేను పుట్టాక అప్పుడే చూశాను. ఆ సోఫాలో కూర్చోలేక నేను లేచి తిరుగుతుంటే, "ఎట్లుంటే నీకు కుదురుగా ఉంటాది?" అని అడిగింది.

"కాయలు ఒలుస్తాంటే," అన్నాను వెటకారంగా.

"అయితే తీసుకొనిరా."

ఆమెకు బుద్ధి చెబుదామని తర్వాతిసారి నిజంగానే సంచెడు శనక్కాయలు తీసుకెళ్లి సోఫా నిండా పొట్టు రాల్చాను. ఆమె ఏమీ అనకుండా తనూ ఒక గుప్పెడు తీసుకుంది. ఒలవడం చేతకాక గోరు విరగ్గొట్టుకుంది. చదువుకున్నవాళ్ల చేతులు అంతే. నేను మాత్రం ఆ రోజు మొదలుపెట్టిన మాటను చివరిదాకా చెప్పాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

తొలకరికి ముందు వదిన దిగింది. మిషన్లో వేస్తే పప్పు బద్దలై మొలవదని, మా దగ్గర విత్తనం కాయలు చేత్తోనే ఒలుస్తారు. వసారాలో రాశి పోసుకుని అందరం కూర్చున్నాం. అంజలి గౌన్లు సర్దిన సంచి అప్పటికే వదిన పక్కన ఉంది.

"బిడ్డను మర్సిపోయేదానికి బిడ్డెందుకు?" అంది. నేను అరిచి, లేచి వెళ్లిపోతానని చూసింది. ఎప్పుడూ నేను చేసేది అదే. నేను కాయ వెనక కాయ ఒలుస్తూ, "నా బిడ్డ యాడికీ రాదొదినా," అన్నాను. తిప్పేష్ తలెత్తి చూశాడు.

అప్పుడు అంజలి పొట్టు కుప్పలో వేళ్లు పెట్టి కెలుకుతూ, "ఆ పొద్దు నాకు భయమేసినాది మా," అంది.

"సూస్తివా!" అని వదిన ఎగిరింది. "ఏం కాలేదులే పాపా," అన్నాడు తిప్పేష్. నా నోటికీ ఎన్నో సర్దుబాటు మాటలు వచ్చాయి. అన్నీ మింగి, "భయమేసినాదా," అన్నాను. అని, ఆగాను. నేను తిట్టిపోసిన చిలక పలుకే అది.

పిల్ల చెప్పుకుంటూ పోయింది. గాజులామె మధ్యాహ్నం అన్నానికి పోతూ తనతో రమ్మన్నదట, పోలేదట. ఎండ మీదికొచ్చినా నీడకు జరగలేదట. దప్పికైనా నీళ్లకు లేవలేదట. ఇన్నాళ్లూ ఈ సంగతి దాన్ని ఎవరూ అడగలేదు, నేను కూడా. తీర్పులకు మాత్రం అందరం సిద్ధంగా ఉన్నాం.

"అందుకే చెప్తాండా, నాతో రా," అంది వదిన గొంతు తగ్గించి. "ఆడ నిన్ను ఎవురూ మర్సిపోరు."

అంజలి అడ్డంగా తలూపింది. "అమ్మ కూచోమన్న కాడే కూచున్నా. అందుకే అమ్మకు దొరికినా. సోమందేపల్లెలో కూచుంటే అమ్మ నన్ను యాడ ఎతకల్ల అత్తా?"

వదిన రాశిలోంచి ఒక కాయ తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. తీర్పు చెప్పకుండా ఆమె పనిలో పడటం నేను చూడటం అదే మొదలు. తిప్పేష్ లేచాడు. ఆమె పక్కనున్న సంచి తీసుకుని లోపలికి వెళ్లి, గౌన్లు ఒక్కొక్కటే దండెం మీద వేశాడు. నా చేతులు ఆగిపోయాయి. సగం ఒలిచిన కాయ చేతిలో అలాగే ఉండిపోయింది. అయినా నేను అక్కడి నుంచి లేవలేదు.