ఏ లోటూ లేదు

అద్దాల మాస్టారు ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు. కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో కూర్చుని, వచ్చినవాళ్ళ చేత గోడమీది అక్షరాలు పైకి చదివిస్తాడు కాబట్టి ఎవరో సరదాకి మాస్టారన్నారు, ఆ పేరే ఉండిపోయింది. సగం చీకటిగా ఉండే గది, లోపల దీపం వెలిగే బోర్డు. పై వరుసలో గుమ్మడికాయంత అక్షరం ఉంటుంది. కిందికి పోయేకొద్దీ చిక్కిపోయి, చివరికి ఆవగింజలు మిగులుతాయి. మనిషి ముక్కు మీద బరువైన చట్రం తగిలించి, అందులో ఒక్కో అద్దం వేస్తూ తీస్తూ, "ఇది బాగుందా, ముందుది బాగుందా?" అని అడగడం ఆయన పని. ఆ వీధిలో సగంమంది చూపు ఆ ఒక్క ప్రశ్న మీదే నడుస్తోంది.

ఈ పనిలో ఆయనకొక పద్ధతి ఉంది. బోర్డు వైపు చూడడు, మనిషి ముఖం వైపు చూస్తాడు. కనుబొమలు ముడిపడ్డాయా, మెడ ముందుకు సాగిందా, నిజంగా కనబడుతోందా లేక ఊహించి చెబుతున్నారా అని కనిపెడతాడు. అక్షరాల సంగతి చెవులు చూసుకుంటాయి. బోర్డంతా ఆయనకు కంఠతా వచ్చు మరి. తన చూపు కూడా ఆ బోర్డుతోనే పరీక్షించుకునేవాడు. ఏటా ఒకసారి ఆ కుర్చీలో తానే కూర్చుని, కింది వరుసదాకా గడగడా చదివేసి, "నావి కుర్రకళ్ళు" అని లేచేవాడు. మీకు నవ్వొస్తోంది కదా? ఆయనకు మాత్రం ఏనాడూ అనుమానం రాలేదు. కనబడేది చదువుతున్నామా, వచ్చింది అప్పజెబుతున్నామా అని ఆగి చూసుకునేవాళ్ళు మనలో మాత్రం ఎందరున్నారు గనక?

ఒకసారి జ్వరం వచ్చి ఆయన దుకాణానికి రాలేదు. ఆ రోజుల్లోనే ఓనరు పాత బోర్డు తీయించి కొత్తది పెట్టించాడు. చట్రం అదే, దీపం అదే, లోపలి అక్షరాలు వేరు. "మీతో చెప్పాననుకున్నానండీ" అన్నాడు తర్వాత. ఆ ఓనరు చెప్పాననుకుని చెప్పని మాటలకు అంతు లేదు.

జ్వరం తగ్గి వచ్చిన మాస్టారి ముందు మొదట కూర్చున్నది ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఆవిడ నాలుగో వరుస స్పష్టంగా చదివింది.

"కాదమ్మా, మళ్ళీ చూడండి," అన్నాడు మాస్టారు.

మళ్ళీ అదే చదివింది. ఆయన అద్దం మార్చాడు. ఇంకా గట్టిగా అదే చదివింది.

"తొందరపడకండి. నిదానంగా చూసి చెప్పండి."

"నిదానంగానే చెబుతున్నానయ్యా! జన్మంతా పిల్లల తప్పులు దిద్దినదాన్ని, నాకే అక్షరాలు నేర్పుతావా?"

ముసలితనపు మంకుపట్టు అనుకున్నాడు మాస్టారు. అద్దం మీద అద్దం వేసి, చివరికి విసిగి, పవరు పెంచి రాసి పంపాడు. వారం తిరక్కుండా ఆవిడ కళ్ళద్దాలు చేత్తో పట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"ఇవి పెట్టుకుంటే మెట్టు ఒకచోట, నా కాలు ఒకచోట! నేను పడితే నన్నెవరు లేపుతారు, నువ్వొస్తావా?"

గొడవ విని కౌంటరు దగ్గరుండే ఆవిడ లోపలికొచ్చింది. హెడ్మిస్ట్రెస్ కుర్చీలో కూర్చుని ఒక్కో అక్షరం చదువుతుంటే, ఈవిడ గోడ దగ్గర నిలబడి వేలు పెట్టి చూసింది.

"సరిగ్గానే చదువుతున్నారు కదండీ మాస్టారూ!"

మాస్టారు లేచి గోడదాకా నడిచాడు. దగ్గరికి వెళితే గాని నాలుగో వరుస తేలలేదు. తేలాక చూస్తే, ఆయనకు కంఠతా వచ్చిన వరుస అందులో ఒక్కటీ లేదు. అక్కడే నిలబడి తన ఎడమకన్ను మూశాడు, తర్వాత కుడికన్ను మూశాడు. ఎడమకంట్లో తెల్లటి మంచు, శుక్లం. కుడికంట్లోనూ కమ్ముకొస్తోంది. ఎప్పటినుంచి ఉందో ఆ దేవుడికే తెలియాలి. హెడ్మిస్ట్రెస్ కాళ్ళు పట్టుకున్నంత పని చేసి, పాత పవరే రాసి పంపించాడు. ఆ వారంలో చూసినవాళ్ళందరినీ మళ్ళీ పిలిపించాడు.

ఇంకొకడైతే ఆపరేషనుకు రోజు చూసుకుని ఆ సంగతి మరిచిపోయేవాడు. మాస్టారికి అలా కాలేదు. బోర్డు ఒక్కటేనా, ఇంకా ఏమేం అప్పజెబుతున్నాను అనిపించింది. మర్నాడు టీ తెప్పించుకుంటూ, "తీపి నాకు పడదు" అని ఎప్పటిలాగే అనబోయి ఆగాడు. ఆ మాట తనది కాదు, తండ్రిది. ఆ రోజు చక్కెర వేయించుకుని తాగాడు. అమృతంలా ఉంది. ఇన్నేళ్ళూ చేదు టీ ఎవరి కోసం తాగాను అని అక్కడే నిలబడి నవ్వుకున్నాడు.

అక్కణ్ణుంచి ప్రతి మాటనూ పట్టుకుని నిలదీయడం మొదలైంది. కష్టపడితే పైకొస్తారంటారు, ఎవరొచ్చారు? కాలమే అన్నిటికీ మందంటారు, ఎవరికి నయమైంది? ఎవరైనా "పెద్దలు ఊరికే అన్నారా" అంటే, "ఊరికే అనలేదని నువ్వు చూశావా?" అని ఎదురడిగేవాడు. "మాస్టారికి వేదాంతం ముదిరింది" అని కౌంటరావిడ ఓనరుతో అంది. జనం ఆయనతో మాట్లాడటం కాస్త తగ్గించారు. అసలు మాట్లాడేవాళ్ళే అంతంత మాత్రం, ఉన్న నలుగురూ పక్కకి తప్పుకున్నారు. నిజం వెతుక్కునేవాడికి తోడు దొరకదు, అందులో వింతేమీ లేదు.

ఇవన్నీ చిల్లర మాటలు. అసలు మాట ఒకటుంది. దాన్ని ముట్టుకోవడానికి ఆయనకు చాలా రోజులు పట్టింది.

భార్య పోయి కొన్నేళ్ళయింది. పరామర్శకు వచ్చినవాళ్ళందరితో ఆయన ఒకే మాట చెప్పాడు: "మా ఆవిడకి నా దగ్గర ఏ లోటూ లేదు." ఆ తర్వాత కూడా సందర్భం వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. తాగుడు లేదు, తిట్టు లేదు, జీతం రాగానే చేతిలో పెట్టేవాడు. ఒంటరి ఇంట్లో, ఒక్క కంచం కడుక్కునే బతుకులో, ఆయన ఆనుకోవడానికి మిగిలిన గోడ అదొక్కటే. ఇప్పుడా గోడ ముందే నిలబడి, ఇది నేను చూశానా, కంఠతా పట్టానా అని అడగాల్సి వచ్చింది.

చూసిందేమిటో గుర్తు తెచ్చుకోబోయాడు. సాయంత్రాలు వంటగది కిటికీ దగ్గర ఆమె వీపు గుర్తొచ్చింది. దీపం వేయకుండా అలా నిలబడి ఉండేది. ఏం చూసేదో ఆయన అడగలేదు. బీరువా సొరుగులోంచి ఆమె కళ్ళద్దాలు తీశాడు. ఆమె కళ్ళు ఎప్పుడూ తనే పరీక్షించేవాడు. మొదటి అద్దం వేయగానే "బాగుందండీ, ఇదే చాలు" అనేది. రెండోది వేయనిచ్చేది కాదు. "మా ఆవిడంత సులువైన గిరాకీ ఇంకెవరూ లేరు" అని దుకాణంలో గొప్పగా చెప్పుకునేవాడు కూడా. ఆ కళ్ళద్దాలు వెలుతురుకెత్తి పట్టుకున్నాడు. ఆమెకు వాటితో సరిగ్గా కనబడేదా? పరీక్షించి చూద్దామంటే ఆ కళ్ళు లేవు. ఆయన మంచం అంచున కూర్చుని ఏడ్చాడు. పోయిన మనిషి కోసం అంతకు ముందు కూడా ఏడ్చాడు గానీ, ఆ మనిషి తనకు తెలియదేమోనని ఏడవడం అదే మొదలు.

ఆ ఆదివారం కూతురు వచ్చింది. ఇంకో పేటలో గది తీసుకుని ఉద్యోగం చేసుకుంటోంది. ఆదివారాలు వచ్చి, తండ్రితో కలిసి తిని, గిన్నెలు సర్ది వెళ్ళిపోతుంది. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు. ఆ రోజు మాత్రం ఆమె కంచంలో వేళ్ళు ఆడిస్తూ కూర్చుంది.

"నాన్నా, మా ఆఫీసులో ఒకతను ఉన్నాడని చెప్పాను కదా. పెళ్ళి చేసుకుందామంటున్నాడు."

"మంచివాడేనా?"

"మంచివాడే. గొంతెత్తి మాట్లాడడు. ఏదడిగినా నీ ఇష్టం అంటాడు. పిన్ని చూసి, 'అచ్చం మీ నాన్నే, కళ్ళు మూసుకుని చేసుకో' అంది." ఆమె తలెత్తింది. "అందుకే అడుగుతున్నాను. అమ్మ నీతో సుఖంగా ఉండేదా? నువ్వేం చెబితే దాన్నిబట్టి అతనికి జవాబిస్తాను."

మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. ఎన్నోసార్లు పలికిన మాట, వెతుక్కోనక్కర్లేదు. అది పలికితే కూతురికి పెళ్ళవుతుంది, తన గోడ తనకు మిగులుతుంది. అబద్ధమని కూడా ఎవరూ అనలేరు, అనగలిగిన మనిషి లేదు. పలకకపోతే ఇక ఆ ఇంట్లో ఆయన ఆనుకోవడానికి ఏమీ ఉండదు.

"తెలీదమ్మా," అన్నాడు మాస్టారు. "నేనెప్పుడూ అడగలేదు."

కూతురు కంచంలోంచి చెయ్యి తీసింది. తర్వాత మెల్లగా, "నేనడిగాను," అంది.

"ఎప్పుడు?"

"ఆస్పత్రిలో. నువ్వు మందులకెళ్ళినప్పుడు."

"ఏమంది?"

"'మీ నాన్న అడిగితే ఆయనకే చెబుతాను' అంది."

మాస్టారు కంచం పక్కకి జరిపాడు. ఆస్పత్రిలో మంచం పక్కన కుర్చీలో కూర్చున్న రోజులన్నీ కళ్ళ ముందు తిరిగాయి. మందు వేసుకున్నావా, నిద్ర పట్టిందా, కిటికీ వేయనా అని అడిగాడు. ఆమె తనవైపే చూస్తూ ఉండేది. నొప్పికి చూస్తోందనుకున్నాడు. ఆ జవాబు మంచిదో చెడ్డదో ఇక ఎవరూ చెప్పలేరు, దాన్ని ఆమె తనతోనే తీసుకుపోయింది. మిగిలిన బతుకంతా ఆ తెలియనిదానితోనే కలిసి బతకాలి. దానికి మంచి పేరొకటి పెట్టి గోడకు తగిలించుకోవడం ఆయనకు చేతగాదు.

కూతురు లేచి తన కంచం తీసుకుంది. గిన్నెలు సర్దుతుంది, సంచి భుజాన వేసుకుంటుంది, వచ్చే ఆదివారం వస్తానంటుంది. అన్ని ఆదివారాలూ అంతే.

"కాస్త కూర్చోమ్మా," అన్నాడు ఆయన. "నీకెలా ఉండేది, నాతో?"

ఆమె కంచం చేత్తో పట్టుకునే నిలబడింది. అడిగినవాడు తండ్రేనా అన్నట్టు చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటితోపాటు కోపమూ వచ్చింది.

"నువ్వు ఇంట్లో ఉన్నా ఎవరూ లేనట్టే ఉండేది నాన్నా."

ఆ మాట గుండెలో సూటిగా దిగింది. అలా కాదమ్మా, నేను మీకోసమే కదా అని చెప్పడానికి వంద కారణాలు ఉన్నాయి. మాస్టారు ఒక్కటీ చెప్పలేదు.

"ఇంకా చెప్పు," అన్నాడు.

ఆమె కంచం కింద పెట్టి కూర్చుంది. చెప్పడం మొదలుపెట్టింది.