మూడడుగుల మిగులు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ అంటుంది. ఉండదా మరి? నెత్తి మీద ఎండ, కాళ్ల కింద కాలే రాళ్లు, కళ్లద్దాల మీద చెమట. ఇవన్నీ చాలవన్నట్టు సర్వే మిషనుకి గురిగా ప్రిజం కర్ర పట్టుకోవడానికి బావమరిది. వాడికి ఈ పని ఇప్పించింది నేనే కాబట్టి వాణ్ని తిట్టే హక్కు నాకుందని నేననుకుంటాను. లేదని ఇంట్లో మిగతా అందరూ అనుకుంటారు.

అప్పుడు మాకు అప్పజెప్పింది ఒక ఇరుకు వీధి. వానొస్తే కింది వాటాల్లోకి నీళ్లొచ్చేస్తాయి. అక్కడివాళ్లు మంచాల కింద ఇటుకలు పెట్టుకుని బతుకుతున్నారు. కొత్త కాలువ వేయాలంటే ప్లాను కావాలి, ప్లాను కావాలంటే ఆ ఇళ్ల వరస చుట్టూ ట్రావర్స్ తిప్పాలి. అదేం బ్రహ్మవిద్య కాదు. నేలలో మేకు కొట్టి, దాని మీద మూడు కాళ్ల స్టాండు నిలబెట్టి, పైన మిషను బిగిస్తాం. కింది స్క్రూలు తిప్పుతూ బుడగను మధ్యలోకి తెచ్చుకోవాలి. కిందికి చూసే గాజులో మేకు తల సరిగ్గా నడిమధ్య కనపడాలి. అప్పుడు వెనక మేకునీ ముందు మేకునీ చూసి, మధ్య కోణం, దూరాలు తీసుకుని, మిషను ఎత్తుకుని తర్వాతి మేకు దగ్గరికి పోతాం. అలా చుట్టూ తిరిగి బయల్దేరిన మేకు దగ్గరికే చేరాలి. మనతోపాటు లెక్క కూడా అక్కడికే చేరితే ట్రావర్స్ మూసుకున్నట్టు. చేరకపోతే మధ్యలో ఎవడో తప్పు చేసినట్టు. ఆ 'ఎవడో' దగ్గరికొచ్చేసరికి నేను మా బావమరిది వైపు చూస్తాను.

మొదటి మేకు బ్యాంకు పక్కగోడకి బాగా ఎడంగా, రాళ్ల సందులో కొట్టాం. చుట్టూ ఎర్ర రంగుతో సున్నా చుట్టాం. ఆ పక్కనే ఒక స్టూలు, ఒక ఆకురాయి, గుత్తులు వేలాడేసిన గొడుగుతో తాళంచెవులు చేసే పెద్దాయన కూర్చుని ఉన్నాడు. వీధంతా ఆయన్ని తాళాలాయన అంటుంది. కూర్చుని ఉన్నాడని మాటవరసకి అన్నాను గానీ, ఆయన్ని కూర్చోనిచ్చేదెవరు? బ్యాంకు వాచ్‌మన్ లేపితే మందుల షాపు ముందుకి పోతాడు, అక్కడ లేపితే దర్జీ కొట్టు పక్కకి, అక్కడా కసిరితే వీధి చివరికి. పొద్దున తాళంచెవి ఇచ్చి వెళ్లినవాళ్లు సాయంత్రం ఆయన కనపడక తిట్టుకుంటూ పోతారు. మధ్యాహ్నం వాళ్లావిడ అన్నం క్యారియర్ పట్టుకుని, ఇవాళ మా ఆయన ఎక్కడున్నాడని షాపు షాపుకీ అడుగుతూ తిరుగుతుంది. ఆ మనిషికి కావలసిందల్లా వెతికితే దొరికే ఒక చోటు. ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ వీధిలో ఒక్క పూట నిలబడితే తెలిసిపోతుంది.

ఆ మేకు దగ్గర మిషను సరిచేసుకునేసరికి నా మాడు పగిలిపోయింది. ఎండనీ, అక్కడ మేకు కొట్టమన్న ఆఫీసునీ, కొట్టిన బావమరిదినీ వరసపెట్టి తిట్టాను. తాళాలాయన ఆకురాయి ఆపి పాపం అన్నట్టు నా వైపు చూశాడు. మేం మిషను భుజానేసుకుని మలుపు తిరిగాం.

సాయంత్రానికి చుట్టూ తిరిగొచ్చి, చివరి మేకు దగ్గర్నుంచి మొదటి మేకు మీద నిలబెట్టిన కర్రని చూసి, మందుల షాపు మెట్ల మీద కూర్చుని లెక్క వేశాను. ఒకటికి రెండుసార్లు వేశాను. ఒళ్లు మండిపోయింది.

"ఒరేయ్, మూడడుగులు మిగిలిందిరా" అని వీధి ఆ చివరికి వినపడేలా అరిచాను.

మా భాషలో మిగిలిందంటే లెక్క కలవలేదని. వీధి భాషలో మిగిలిందంటే మిగులు భూమి. నేను మిషను పెట్టెలో పెట్టేలోపే మందుల షాపాయన వచ్చి, ఆ మూడడుగులూ తన మెట్లని ఆనుకునే వస్తాయేమోనని ఎంతో మర్యాదగా అడిగాడు. ఆయన వెనకే దర్జీ, తన కుట్టుమిషను ఎన్నాళ్లుగా సగం బయటే ఉందో వివరంగా చెప్పాడు. అది భూమి కాదు నాయనా, తప్పు అన్నాను. తప్పయితే ఏం, మేం సర్దుకుంటాం అన్నారు.

మా ఆఫీసులో పెద్ద సారు కుర్చీ దిగి వీధిలోకొచ్చి చాలా కాలమైంది. ఫోన్ చేసి సంగతి చెబితే, ఆ తేడా ఎక్కడుందో నేల మీద గుర్తు పెట్టు, వచ్చి కళ్లారా చూస్తానన్నారు. తేడా అనేది కాగితం మీద ఉంటుంది గానీ నేల మీద ఉండదని చెప్పబోయాను. ఫోన్ పెట్టేశారు. చేసేదేముంది, మేకు దగ్గర్నుంచి లెక్క తేల్చిన చోటుకి సుద్దతో గీత గీశాం. అది గోడ నీడలోకి మూడడుగులు పోయింది. సారు వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని గీత చుట్టూ నడిచారు. ఇది ప్లానులో ఉందా అని అడిగారు. లేదన్నాను. అయితే ఎవరిదీ కాదన్నమాట అని ఆలోచనలో పడ్డారు. వెళ్తూ వెళ్తూ వాచ్‌మన్‌ని పిలిచి, సంగతి తేలేదాకా ఇక్కణ్ణుంచి దేన్నీ కదపొద్దని గట్టిగా చెప్పారు. ఆయన చెప్పింది సుద్దగీత గురించి.

సారు కారు మలుపు తిరిగిందో లేదో, తాళాలాయన స్టూలు తెచ్చి గీత మీద వేసుకున్నాడు. వాచ్‌మన్ అలవాటు కొద్దీ కర్ర తీసుకుని బయల్దేరి, స్టూలు కాళ్లు ఎక్కడున్నాయో వంగి చూసి, ఆగిపోయాడు. మిగులులో ఉన్నాడు, అది మన హద్దు కాదు అన్నాడు. మందుల షాపాయన ఊరుకోలేదు. గీతకి పొడవుంది గానీ వెడల్పేదని లాయర్‌లా నిలదీశాడు. నిజమే, తప్పుకి పొడవే ఉంటుంది, వెడల్పుండదు. ఆ మాట నేను ఒప్పుకోవాల్సి వచ్చింది.

తాళాలాయన మోకాళ్లు దగ్గరికి ముడుచుకున్నాడు. "నేను సన్నంగానే కూర్చుంటాను సార్" అన్నాడు.

అలా ఆ మనిషికి ఒక చోటు వచ్చింది. ఎవరైనా అడిగితే మిగులు దగ్గర తాళాలాయన అనేవాళ్లు. ఆటోవాళ్లు కూడా మిగులు దగ్గర ఆపమంటే ఆపుతున్నారు. గోడకి చిన్న అట్టముక్క వేలాడదీసి, 'ఎప్పుడొచ్చినా ఇక్కడే' అని రాసుకున్నాడు. వాళ్లావిడ మధ్యాహ్నం క్యారియర్‌తో వీధిలోకి వచ్చి, అటూ ఇటూ చూడకుండా, ఎవర్నీ అడక్కుండా తిన్నగా వచ్చేసేది. నాకు ఆ పిచ్చి వ్యవహారమంతా చూసి తిక్క రేగుతున్నా, ఆవిడ అలా తలెత్తుకుని నడిచిరావడం మాత్రం బాగుండేది.

నా ఇంట్లో మాత్రం బాగాలేదు. తప్పు ప్రిజం కర్ర పట్టుకున్నవాడిదేనని నేను తేల్చేశాను. బావమరిది మొహం మాడ్చుకున్నాడు. మా ఆవిడ నాతో మాటలు మానేసి, ఏం చెప్పాలన్నా గోడతో చెబుతోంది. మా తమ్ముడు మూడడుగుల తప్పు చేసేంత పెద్దవాడు కాలేదని కూడా గోడతోనే అంది.

ఇంతలో మబ్బులు పట్టడం మొదలైంది. ట్రావర్స్ మూసుకోందే కాలువ ప్లాను మీద సంతకం పెట్టనని సారు, ప్లాను రాందే గునపం ముట్టుకోనని కాంట్రాక్టరు. చివరికి అంతా నా పీకల మీదికొచ్చింది. మళ్లీ మొదట్నుంచీ తిప్పుదామని పొద్దున్నే మిషను తీసుకుపోయాను. మేకు మీద స్టాండు నిలబెట్టి, బుడగ సరిచేసి, గాజులోంచి మేకు తల చూసుకుని నడుం ఎత్తాను. చల్లగా గాలి తగిలింది.

"మొన్న ఇదే వేళకి ఇక్కడే కదరా మాడిపోయాను, ఇవాళ నీడగా ఉందేంటి" అన్నాను బావమరిదితో.

స్టూలు మీంచి తాళాలాయన మొహం వెలిగిపోయింది. ఎప్పట్నుంచో ఆ మాట కోసమే చూస్తున్నట్టున్నాడు.

"అందుకే కదా సార్ జరిపింది."

"ఏం జరిపారు?"

"మేకండీ. మీరు ఎండలో అంత ఇదైపోతుంటే చూళ్లేకపోయాను. మీరటు మలుపు తిరగ్గానే పీకి ఇలా నీడలోకి కొట్టాను. పాత సున్నా తుడిచేసి అచ్చు మీదిలాంటిదే చుట్టాను. చెవికి చెవి చేసే చెయ్యి సార్ ఇది, మీరే పోల్చుకోలేదు చూశారా."

నిజంగానే పోల్చుకోలేదు. ఇన్నేళ్ల సర్వీసులో మేకుని బండి గుద్దడం చూశాను, పిల్లలు పీక్కుపోవడం చూశాను గానీ, నా మీద జాలిపడి ఎవరైనా నీడలో పెట్టడం చూడలేదు. బావమరిది ప్రిజం కర్ర గోడకి ఆనించి, ముందు అక్కకి ఫోన్ చెయ్ బావా అన్నాడు. చేశాను. వాడి ముందే చేశాను.

తర్వాత తాళాలాయనకి విడమరిచి చెప్పాల్సి వచ్చింది. మేం బయల్దేరింది ఒక మేకు నుంచి, చేరింది ఇంకో మేకుకి. ఈ మూడడుగులూ ఆ రెండిటి మధ్య తేడా, అంతే. రాళ్ల మధ్య పాత సందులో మేకు కొట్టి మళ్లీ తిరిగొస్తే ఏమీ మిగలదు. ఆయన శ్రద్ధగా విన్నాడు. వింటున్నకొద్దీ మొహంలో వెలుగు తగ్గిపోయింది.

"నేను జరపకపోతే ఈ జాగా ఉండేదే కాదా?"

"ఉండేది కాదు."

"అయితే ఇది ఎవరిదీ కాదంటారేంటి సార్? నేను చేసిందే కదా."

ఎవర్నైనా గట్టిగా తిట్టాలనిపించింది. చుట్టూ చూశాను. తిట్టడానికి ఎవరూ దొరకలేదు. దొరకనందుకు ఇంకా కోపమొచ్చింది.

ఆయనే అడిగాడు, ఇది ఇలాగే ఉంటే కాలువ పడదా అని. పడదన్నాను. ఎదుటి కింది వాటాలోకి చూశాడు. తలుపు తీసుంది, ఇటుకల మీద మంచం కనపడుతోంది. లేచి, స్టూలు మడిచి, తన సుత్తి తీసుకుని మేకు పీకాడు. ఎండలోకి నడిచి, రాళ్ల మధ్య పాత సందు వేలితో తడిమి పట్టుకుని, అందులో కొట్టాడు. నేను స్టాండు తెచ్చి దాని మీద నిలబెట్టి గాజులోంచి చూశాను. వంకర లేకుండా దిగింది.

మిగతా మేకులన్నీ కొట్టే ఉన్నాయి కాబట్టి ఈసారి మధ్యాహ్నం కాకముందే చుట్టూ తిరిగొచ్చాం. ఆ పొద్దు నేను బావమరిదిని ఒక్క మాట అనలేదు. వాడికి అనుమానమొచ్చి ఒంట్లో బాగుందా బావా అని అడిగాడు. చివరి మేకు దగ్గర లెక్క వేస్తే గోరంత తేడా కూడా రాలేదు. ఇంత బాగా మూసుకున్న ట్రావర్స్ నా చేతి మీదుగా ఎప్పుడూ పోలేదు. సారుకి చెబితే శభాష్ అన్నారు. నాకు మాత్రం చేతులారా ఒక మనిషి ఇంటికి తాళం వేసినట్టనిపించింది. బావమరిది బకెట్‌తో నీళ్లు తెచ్చి సుద్దగీత కడిగేశాడు. వాచ్‌మన్ వచ్చి రాళ్లని చూసి, తాళాలాయన్ని చూసి, గొంతు సవరించుకున్నాడు. హద్దు తేలిపోయింది కదా మరి అని నసిగాడు. తాళాలాయన అప్పటికే గొడుగు మూసేశాడు.

మిషను ఆఖరిసారి సరిచూసుకుందామని మొదటి మేకు మీదికి తెచ్చి నిలబెట్టాను. మధ్యాహ్నమైంది. వాళ్లావిడ క్యారియర్ పట్టుకుని తలెత్తుకుని, అటూ ఇటూ చూడకుండా తిన్నగా వచ్చింది. తడి రాళ్ల దగ్గర ఆగింది. అడిగే అలవాటు తప్పిపోయింది కాబోలు, షాపుల వైపు వెళ్లలేదు. ఊరికే అక్కడ నిలబడింది.

నేను మిషను దుర్బిణికి కన్ను ఆనించి వీధి వైపు తిప్పాను. మందుల షాపు ముందు లేడు. దర్జీ కొట్టు పక్కన లేడు. వీధి చివరిదాకా మెల్లగా తిప్పుకుంటూ పోతే, చెత్తబండి పక్కన గొడుగు దొరికింది. కింద ఆయన, తల వంచుకుని తాళంచెవి అరగదీస్తున్నాడు. ఇక్కడ చూడమ్మా అన్నాను.

ఆవిడ క్యారియర్ కింద పెట్టకుండానే అద్దానికి కన్ను ఆనించింది. ఉలిక్కిపడింది.

"ఇంత పక్కనే ఉన్నాడా" అంది.

తర్వాత ఆ పక్కనే ఉన్న మనిషితో మాట్లాడినట్టు, వీధిలో ఎవరికీ వినపడకుండా గొంతు తగ్గించి, ఏవండీ, అన్నం తెచ్చాను అంది. ఆయన అరగదీస్తూనే ఉన్నాడు. చల్లారిపోతుంది రండి అంది. ఆయన తలెత్తలేదు. ఆవిడ కన్ను తీయకుండా ఎదురుచూస్తోంది.

నా గొంతు సంగతి ఆ వీధికి తెలియంది కాదు. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, మా బావమరిదిని కూడా ఎప్పుడూ పిలవనంత గట్టిగా, పెద్దాయనా అని అరిచాను. మందుల షాపాయన బయటికొచ్చాడు. దర్జీ బయటికొచ్చాడు. ఇంకోసారి అరిచాను.

"తల తిప్పాడు" అంది ఆవిడ, అద్దంలోంచే. తర్వాత, "ఇటే చూస్తున్నాడు అన్నయ్యా. కానీ నేనిక్కడున్నానని ఆయనకి తెలియట్లేదు" అంది.

కన్ను తుడుచుకుని, క్యారియర్ రెండో చేతిలోకి మార్చుకుని, వీధి చివరికి నడిచింది. ఆవిడ ఆయన దగ్గరికి చేరేదాకా నేను అద్దంలో చూస్తూనే ఉన్నాను.