బిళ్ల మీద ఎర్ర చుక్క

ఇదా, అదా, అని రోజంతా అడిగేది తనే, కళ్లద్దాల దుకాణంలో వచ్చినవాళ్ల ముక్కు మీద ఇనప ఫ్రేము పెట్టి అద్దాలు మారుస్తూ, ఇది స్పష్టంగా ఉందా, అది ఉందా, తొందరేం లేదు, మళ్లీ చూసి చెప్పండి అని, ఇవాళ సైకిళ్ల షాపతను అదే ప్రశ్న తనని అడుగుతుంటే మాత్రం తేల్చుకోలేకపోతోంది, గాజు బల్ల మీద మూడు హార్ట్ రేట్ మానిటర్లు వరసగా పెట్టాడు, ఛాతీకి కట్టుకునే పట్టీ ఒకటి, మోచేతి పైన బిగించుకునేది ఒకటి, గడియారంలా మణికట్టుకి పెట్టుకునేది ఒకటి, గడియారమైతే సుఖంగా ఉంటుంది మేడమ్, కానీ గతుకుల రోడ్డు మీద లెక్క తప్పుతుంది, ఛాతీ పట్టీ కాస్త ఇరుకు, అయినా అబద్ధం చెప్పదు, అన్నాడు, అబద్ధం చెప్పదు అన్న మాటకి ఆమెకి నవ్వు రాబోయింది, అబద్ధం చెప్పనివాటితోనే కదా ఇన్నేళ్లూ కాపురం చేసింది, భర్త కూడా ఏనాడూ అబద్ధం చెప్పి ఎరగడు, వెళ్లిపోతున్నానన్న మాట కూడా నిజంగానే చెప్పి వెళ్లాడు.

వచ్చే నెల కొండ రోడ్డు మీద రేసుంది, పేరిచ్చేసింది, రేసు మీద మోజేం కాదు, ఆదివారం తెల్లారకుండానే మెలకువ వచ్చేస్తోంది, మంచం మీద నలగని రెండో దిండుని చూస్తూ పడుకోవటం కంటే తొక్కుకోవటం నయం, కానీ గుండె వేగం తెలియకుండా సాధన ఎలా చేస్తుంది, హ్యాండిల్ మీద మీటర్‌లో అంకె ఉండాల్సిన చోట రెండు గీతలే కనబడుతున్నాయి, అతను వెళ్లిన దగ్గర్నుంచీ ఇంతే, తన పాత ఛాతీ పట్టీకి తగిలించి ఉన్న, గుండె వేగాన్ని మీటర్‌కి పంపే బిళ్లలో బ్యాటరీ మార్చింది, పట్టీ తడిపి కట్టుకుంది, బిగించి కట్టుకుంది, ఊహూఁ, గీతలే, ఇంట్లో వస్తువులకి కూడా అతను లేడని తెలిసిపోయిందా ఏమిటి, ఛ, ఏం ఆలోచనలు ఇవి, ముందు కూడా అప్పుడప్పుడూ ఈ గీతలు వచ్చేవి, అతను మలుపు దాటి ముందుకు వెళ్లిపోయినప్పుడల్లా వచ్చేవి, ఏం నాసిరకం వస్తువు కొన్నావు బాబూ అని విసుక్కుంటూ గబగబా తొక్కి అతన్ని అందుకునేది, అందుకోగానే అంకె తిరిగొచ్చేది, ప్రాణం లేచొచ్చినట్టుండేది.

ఆ అంకెల మీద ఎన్ని వేళాకోళాలని, వంతెన ఎక్కేటప్పుడు ఆమె రొప్పుతూ ఇక నా వల్ల కాదంటే, అతను పక్కకి వంగి ఆమె మీటర్ చూసి, నూట ముప్పై కూడా దాటలేదు, నాటకాలాపి తొక్కవే అనేవాడు, నాది చూడు, నూట ఎనభై, అయినా ఆయాసపడుతున్నానా, ఓపికంటే ఇదీ, అని లేని మీసం మెలేసేవాడు, అసలు నీకు గుండె ఉందా, లేక ఆ చోట బండరాయి పెట్టి పంపించారా మీవాళ్లు, అంటే ఆమె కూడా నవ్వేది, ఒళ్లు హూనమైపోతున్నా సరే, అంకెకి ఎదురు చెప్పేదేముందని ఇంకాస్త తొక్కేది, ఇంటికొచ్చి రాత్రి దాకా కాళ్లు పట్టుకుని కూర్చునేది, అయినా ఆ రోజులు బాగుండేవి, దేవుడా, ఎంత బాగుండేవి.

ఆ రోజు కూడా ఆ వంతెన మీదే, ఎక్కటం అయిపోయింది, ఇద్దరూ తొక్కటం ఆపి సైకిళ్లని వాటి మానాన దొర్లనిచ్చారు, కింద నీళ్ల మీద మంచు ఇంకా విడలేదు, ఇక మనం కలిసి ఉండొద్దు, అన్నాడు, వచ్చేటప్పుడు పాలు తెమ్మంటావా అన్నంత మామూలుగా అన్నాడు, ఇంకెవరో ఉన్నారని కాదు, నీ తప్పేం లేదు, నాకే ఏమీ అనిపించటం లేదు, అన్నాడు, ఆమెకేమో చెవుల్లో హోరు, ఎటు చూడాలో తెలియక తల దించి మీటర్ చూసింది, తొంభై రెండు, అంతే, తొంభై రెండు, పోనీలే, గుండె పగల్లేదన్నమాట, తట్టుకుంటున్నానన్నమాట, అనుకుని ఆ అంకెని ఊతంగా పట్టుకునే తలెత్తి, సరే, నీ ఇష్టం, అంది, అప్పుడతను తన మీటర్ చూసుకున్నాడు, మొహం పాలిపోయింది, ఛాతీ మీద చెయ్యి వేసుకుని, ఆగుదాం, నాకు గుండె దడగా ఉంది, అని రెయిలింగ్ పట్టుకుని ఏడ్చాడు, ఊరుకోబెట్టింది ఎవరు, తనే, సీసా మూత తీసి నీళ్లు తాగించింది, తనని వదిలేసి వెళ్లే మనిషికి.

ఆ తర్వాత అతని అక్క ఫోన్ చేసింది, ఈ వదినతో మొదట్నుంచీ చనువే, ఏం మనిషివమ్మా నువ్వు, ఆ ఒక్క మాట చెప్పటానికి మా తమ్ముడు ఎంత నలిగిపోయాడో తెలుసా, గుండె నూట అరవై కొట్టుకుందట, మిషనే చూపించిందట, నీది తొంభై రెండేనటగా, పక్కనుంచి చూశానన్నాడు, ఇంత రాయిలా ఉంటే ఎవరు మాత్రం ఉంటారు నీ దగ్గర, అంది, ఆమె నిజమే కాబోలు అనుకుంది, ఏడుపు ముంచుకొచ్చినప్పుడల్లా తొంభై రెండుని గుర్తు చేసుకుని మింగేసింది, పాపం తనకంటే అతనికే ఎక్కువ బాధ అని మనసులో అతన్ని క్షమించేసింది కూడా.

మేడమ్, పాతది తెచ్చారా, అంటున్నాడు షాపతను, తెచ్చాను, కట్టుకునే వచ్చాను, అంది, సైకిలు కూడా బయటే ఉంది, అతను మీటర్ ఊడదీసి తెమ్మని, తన ఫోన్ ఆమె దగ్గరగా పెట్టి ఏదో నొక్కాడు, ఫోన్‌లో అంకె వచ్చేసింది, చూడండి, మీ పట్టీ లక్షణంగా ఉంది, కొత్తది ఎందుకు కొంటారు, దండగ, తంటా అంతా మీటర్‌లోనే, ఇది మీ బిళ్లని వెతకటం లేదు, వేరే బిళ్లని వెతుకుతోంది, ప్రతి బిళ్లకీ ఓ నంబర్ ఉంటుంది, ఇందులో ఎక్కించిన నంబర్ మీది కాదు, ఇంట్లో ఇలాంటిది ఇంకోటి ఉందా, అన్నాడు, ఉండేది, అంది ఆమె, రెండూ ఒక్కసారే కొన్నాం.

రెండూ ఒక్కసారే కొన్నారు, అతనే కూర్చుని ఎవరి బిళ్ల నంబర్ వాళ్ల మీటర్‌లోకి ఎక్కించాడు, మొదటి ఆదివారం తొక్కి వచ్చాక చెమట కంపు కొడుతున్నాయని ఆమె రెండు పట్టీలకీ బిళ్లలు ఊడదీసి సబ్బు నీళ్లలో ఉతికి ఆరేసింది, సాయంత్రం మళ్లీ బిళ్లలు తగిలిస్తూ, అచ్చం ఒకేలా ఉన్నాయి, రేపెప్పుడైనా కలిసిపోతాయేమోనని, గోళ్ల రంగు సీసా తెచ్చి తన పట్టీకి తగిలించిన బిళ్ల మీద ఎర్ర చుక్క పెట్టుకుంది, ఎంత మురిసిపోయిందో ఆ జాగ్రత్తకి, అతనికి చూపిస్తే, నీ అంత ముందుచూపు నాకెక్కడిది అని బుగ్గ గిల్లాడు, అప్పటికే బిళ్లలు ఒకరివొకరికి మారిపోయాయి, పెరట్లో తీగ మీద పట్టీలు ఆరుతుండగానే మారిపోయాయి, మారిపోయినదాన్ని ఇక ఎప్పటికీ మారకుండా ఆ చుక్కతో తనే ముద్ర వేసింది, అంటే ఇన్నేళ్లూ, అంటే ఆమె మీటర్‌లో ఆడింది అతని గుండె, అతని మీటర్‌లో, ఆగు, ఆగు, అయితే వంతెన మీద.

తొంభై రెండు అతనిది.

పూర్తయింది మేడమ్, మీ నంబర్ ఎక్కించాను, అని షాపతను మీటర్ చేతికిచ్చాడు, గీతలు పోయి అంకె వెలిగింది, నూట ముప్పై, ముప్పై నాలుగు, నలభై, నిలబడి ఉన్న మనిషికి ఇంతేమిటి, కూర్చోండి, ఒంట్లో బాగాలేదా, అని స్టూలు జరిపాడు, ఆమె కూర్చుంది, బాగానే ఉంది, ఇది నాదే, అంది, ఒళ్లో మీటర్ మీద కన్నీళ్లు పడుతున్నాయి, తుడుస్తోంది, మళ్లీ పడుతున్నాయి, వదినకి ఫోన్ చేసి చెప్పాలా, చెప్తే ఏమంటుంది, ఇప్పుడెందుకమ్మా అవన్నీ అంటుంది, చెప్పి ఎవరిని నమ్మించాలి, ఆ రోజు తను తట్టుకోలేదు, ఏమాత్రం తట్టుకోలేదు, తన గుండె నూట అరవై కొట్టుకుంటూ పక్కనున్న మనిషి హ్యాండిల్ మీద కనబడుతూనే ఉంది, అతను చూశాడు కూడా, చూసి, అది తన బాధే అనుకుని ఏడ్చాడు.