ఉరుమబ్బాయి కొండ దిగిన ఆదివారం

ఆదివారం ఆరాధన అయ్యాక ఎస్తేరమ్మ ఇంట్లో ముందు కోడికూర, తర్వాత కొలత. ఉరుమబ్బాయి బొమ్మల సీరియల్ నర్సీపట్నంలో కేబుల్ ఉన్న ప్రతి ఇంట్లోనూ వచ్చేది గానీ, ఉరుమబ్బాయి టీవీలోంచి దిగి వచ్చేది మాత్రం వీళ్లింటికే. మనవరాలు షైనినీ వాణ్నీ గుమ్మానికి ఆనించి నిలబెట్టి, కీర్తనల పుస్తకం నెత్తిన పెట్టి, ఎస్తేరమ్మ పెన్సిలుతో చెరో గీత గీసేది. గచ్చంతా మసి అడుగులు చేస్తున్నావురా అని తిట్టేది. వాడు తిట్లు తిని, కూడు తిని, నాలుగింటికి సీరియల్ పాట మొదలవగానే బేగి చెయ్యి కడుక్కుని టీవీ లోపలికి పోయేవాడు.

ఆ బొమ్మలేసినోళ్లు మొదట్లో బుద్ధిమంతులే, అబద్ధమెందుకు. వాడు చిన్నప్పుడు కోపమొస్తే ఉరుముని పిలిచి ఒక ఊరి పెంకులన్నీ రాల్చేశాడు. కాస్త ఎదిగాక ఆ ఊరికే పోయి, తప్పయిందని చెప్పి, ఇంటింటికీ పెంకులు ఎక్కించాడు. కొండ మీద వాడికి పాఠాలు చెప్పే గురువు పోయాడు. బుగ్గ మీద గాటు పడింది, గొంతు మారింది. పుస్తకం చదివినట్టు మాట్లాడేవాడు కాస్తా షైని పక్కన కూర్చుని కూర్చుని ‘ఏటి’ అనడం నేర్చాడు. వచ్చే భాగంలో కొండ దిగి పట్నం వెళ్లి బతుకుతాడని టీవీలోనే చెప్పారు.

షైని తల్లి లేని పిల్ల. ఇంటరయ్యాక విశాఖపట్నంలో నర్సింగు సీటొచ్చింది. తండ్రి జోసఫ్ రాజు రావికమతం రూట్లో ఆటో తోలేవాడు. కూతుర్ని పంపాలంటే అతనికి ప్రాణం ఒప్పేది కాదు. ఆ పిల్ల పుట్టినరోజు కూడికలో అందరూ ఎప్పుడు పంపుతావని గుచ్చి గుచ్చి అడిగేసరికి, ఉరుమబ్బాయి కొండ దిగిన రోజే మా గుంటనీ పంపుతానని ప్రార్థనలో అనేశాడు. పాస్టరు గారు కళ్లు మూసుకునే ఆమెన్ అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. వీళ్లలో ఆమెన్ పడ్డాక ఆ మాటకి తిరుగులేదు. షైని పెట్టె సర్దుకుంది.

కొత్త భాగం మొదలైంది. ఏం చెప్పమంటారు, ఉరుమబ్బాయి మళ్లీ చంటోడైపోయాడు. ఇంత తల, పొట్టి కాళ్లు. గాటు లేదు. పోయిన గురువు పళ్లికిలించుకుంటూ వచ్చి మొదటి పాఠం మళ్లీ మొదలెట్టాడు. వీడు మళ్లీ పెంకులు రాలుస్తున్నాడు, పైగా అదొక నవ్వులాట. తప్పయిందని చెప్పుకున్న ఊరే గుర్తు లేదు. చిన్నోడైతేనే జనం చూస్తారని వాళ్లకెవరు చెప్పారో గానీ, పెంచినట్టే పెంచి పీక నులిమారు. నోటికాడ కూడు లాగేసినట్టయింది షైనికి.

జోసఫ్ రాజు మాత్రం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

“సూసావా అమ్మా, ఆడికే ఇంకా టైముంది,” అని కూతురి వైపు చూసి నవ్వి, ఆటోలో పాటలు పాడుకుంటూ తిరిగాడు. కాలేజీలో చేరే గడువు దగ్గరపడుతోంది. బొమ్మలేసినోళ్ల మోసం కన్నా తండ్రి నవ్వే షైనికి ఎక్కువ మండింది.

ఆ ఆదివారం టీవీలోంచి పొట్టి ఉరుమబ్బాయి దిగాడు. ఎవర్నీ గుర్తుపట్టలేదు. “ఎవరండీ మీరు? ఈ గీతలు ఎవరివి?” అన్నాడు పుస్తకం భాషలో. ఆ మాటకి షైనికి ఏడుపు ఆగలేదు.

“నీయే. అన్నీ నీయే. నీసేత మరిపించేసారు,” అంది.

వాడు కింది గీత మీద వేలు పెట్టాడు. తర్వాత దాని పైదాని మీద. మునివేళ్ల మీద లేచినా ఆ పైది అందలేదు. గుమ్మానికి వీపు ఆనించి గట్టిగా నిలబడ్డాడు. ఎస్తేరమ్మ అలవాటుగా కీర్తనల పుస్తకం తెచ్చి నెత్తిన పెట్టింది. పుస్తకం మెల్లిగా ఒక్కో గీతా దాటుకుంటూ పైకి లేచింది. చొక్కా గుండీలు టపటపా ఊడాయి. బుగ్గ మీద గాటు తేలింది.

“ఏటి షైనీ, ఏడుస్తన్నావు?” అన్నాడు మారిన గొంతుతో.

అప్పుడే నాలుగయింది, పాట మొదలైంది. వాడు కదల్లేదు. జోసఫ్ రాజు కంగారుగా, టైమైపోయింది, లోపలికెళ్లరా నాయనా, చిన్నోడివే బాగున్నావు కదా అని బతిమాలాడు. ఉరుమబ్బాయి దండెం మీదున్న జోసఫ్ రాజు చొక్కా తీసి తొడుక్కున్నాడు. వీధి గుమ్మంలోంచి బయటికి నడిచాడు.

ఎస్తేరమ్మ కొడుకు వైపు చూసింది. “ఆమెన్ అనేసావు నాయనా. గుంట పెట్టె ఆటోలో ఎట్టు.”

ఆర్టీసీ కాంప్లెక్సులో విశాఖపట్నం బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. ఉరుమబ్బాయి వెనక సీట్లో కూర్చున్నాడు. షైని ఎక్కబోతూ ఆగింది.

“ఆళ్లంటే బొమ్మలేసుకునేవోళ్లు నాన్నా. ఆడు మళ్లీ సిన్నోడైపోతే నువ్వెందుకు సంబరపడ్డావు?”

జోసఫ్ రాజు పెట్టె అందించాడు. షైని అందుకుని ఎక్కింది, బస్సు కదిలిపోయింది.

తర్వాతి ఆదివారం నాలుగింటికి సీరియల్ మామూలుగానే వచ్చింది. గురువు ఖాళీ బండరాయికి మొదటి పాఠం చెబుతున్నాడు. అక్కడ ఎవరూ లేకపోయినా వెనకనించి నవ్వులు వినిపిస్తున్నాయి. జోసఫ్ రాజు పాఠం అయ్యేదాకా కూర్చుని చూశాడు.