చెరుపు అంటే చెరిగిపోవాలి

మా ఆవిడ బట్టలు కుట్టేది. ఎవరి గౌను ఎంత పొడవు, ఎవరి లైనింగు గుడ్డ ఇంకా రాలేదు, అన్నీ కుట్టుమిషను బల్ల మీద సుద్దముక్కతో రాసుకునేది. మోచెయ్యి తగిలి సగం చెరిగిపోయేవి. చూడలేక ఒక సెలవురోజు ఆమెకోసం చిన్న ప్రోగ్రాము రాయడం మొదలుపెట్టాను. బొమ్మలూ బటన్లూ లేవు, నల్లతెర మీద టైపు చేయడమే. "రాయి" అని కొట్టి విషయం రాస్తే అది వరుస నంబరుతో డేటాబేసులో చేరుతుంది. "చూపు" అంటే ఉన్నవన్నీ కనిపిస్తాయి. "చెరుపు" అని నంబరిస్తే ఆ నోటు పోతుంది.

"ఈ నల్లతెరలో ఏం చూసుకోవాలండీ, నా మొహమా?" అంది మొదట. తర్వాత తర్వాత నన్నే కుర్చీలోంచి లేపేసేది.

నేను ప్రోగ్రాములు రాసే ఆఫీసులో దేన్నీ నిజంగా చెరిపేవాళ్ళం కాదు. చెరిపినట్టు గుర్తుపెట్టి కనబడకుండా దాచేవాళ్ళం. ఇంట్లోనూ అలాగే చేయబోతే ఆవిడ ఒప్పుకోలేదు.

"పనయిపోయాక కూడా అది ఎక్కడో ఉందంటే నాకు మనసు ఊరుకోదు. చెరుపు అంటే చెరిగిపోవాలి."

సరేనన్నాను. చెరిపినదాని ఆనవాలు కూడా మిగలకుండా ఫైలును సర్దే లైనొకటి చేర్చి, నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఆవిడ పోయిన మరుసటేడు, కుట్టుమిషను తీసుకెళ్ళడానికి మా అమ్మాయి వచ్చింది. ఆ నల్లతెరలో అమ్మ మాట ఒక్కటైనా ఉందా అని అడిగింది. గౌను కొలతైనా సరే, అమ్మ రాసింది రాసినట్టు ఉంటే చాలంది. పాత కంప్యూటరు తెరిచి "చూపు" అని కొట్టాను. ఏమీ రాలేదు. ఆసుపత్రిలో చేరేముందు, ఒప్పుకున్న బట్టలన్నీ ఇచ్చేసి, ఒక్కొక్కటే చెరిపేసి వెళ్ళింది మహాతల్లి. ఫైలు అడుగుదాకా వెతికాను. నేను రాసిన లైను తన పని శుభ్రంగా చేసింది.

అమ్మాయి కీబోర్డు తనవైపు లాక్కుని, నాన్న చొక్కాకి గుండీ కుట్టాలి అని రాసింది. పక్కన నాలుగు వందల పైచిలుకు అంకె ఏదో వచ్చింది.

"ఖాళీగా ఉంటే ఒకటి కదా రావాలి?"

"ఒకసారి ఇచ్చిన నంబరు, చెరిపేసినా సరే, మళ్ళీ ఎవరికీ ఇవ్వదమ్మా. ముందువన్నీ అమ్మవి."

తను ఆ అంకెను వేలితో తడిమింది. తర్వాత సూదీ దారం వెతుక్కొచ్చి, వద్దంటున్నా వినకుండా నన్ను నిలబెట్టి ఒంటిమీది చొక్కాకే గుండీ కుట్టింది. దారం పంటితో తెంపింది, అచ్చం వాళ్ళమ్మలాగే.

పనయిపోయింది కదాని "చెరుపు" అని కొట్టబోతుంటే చెయ్యి పట్టుకున్నాను. ప్రోగ్రాము తెరిచి, ఆ సర్దే లైను తీసేసి, చెరిపినవి దాగి ఉండేలా మార్చాను. కాఫీ చల్లారేలోపు అయిపోయింది. అప్పుడైనా ఇంతే పని. చెప్పకుండా చేసుంటే ఆవిడకు తెలిసేది కూడా కాదు.

"ఇప్పుడు కొట్టమ్మా," అన్నాను.