సైరన్‌కు ఉపగ్రహాల టైము

"నా పెనం యాడ?" అని షహీన్ మూడోసారి అడిగింది.

రంజాన్ మొదటి ఒక్కపొద్దు. పిండి తడిపి పెట్టుకుని చూస్తే మేకుకు వేలాడాల్సిన ఇనుప పెనం లేదు. అత్త రోషన్‌బీ తస్బీ పూసలు తిప్పుతూ కళ్ళతోనే మిద్దె వైపు చూపించింది.

మిద్దె మీద భర్త జహీర్ పెనాన్ని బోర్లించి, దాని నడుమ అగ్గిపెట్టెంత నల్లని యాంటెన్నా కూర్చోబెట్టాడు.

"దీని అడుగున అయస్కాంతం ఉండాది. స్టీలుకు అంటుకోదు. కింద ఇనుముంటే సిగ్నల్ బాగొస్తాది."

"అంత పైనుంచి ఉపగ్రహాలు చూసేది నా పెనాన్నేనా? రొట్టెలు యాడ కాల్చేది, నీ లాప్‌టాప్ మీదనా?"

"ఒక్క నెల ఓర్చుకో."

"అయితే నెలంతా గంజి తాగు."

చివరికి పాత ట్రంకుపెట్టె మూత ఊడదీసి అతని చేతికిచ్చి, పెనం లాక్కుని దిగింది. శుభ్రంగానే ఉన్నా రెండుసార్లు తోమింది.

జహీర్ ఎర్రమంచి దగ్గర ఒక విడిభాగాల కంపెనీలో కంప్యూటర్లు చూసుకుంటాడు. అక్కడ రెండు గేట్ల పంచింగ్ మిషన్లు రెండు టైములు చూపిస్తుంటే, ఉపగ్రహాల నుంచి టైము తీసుకునే సర్వర్ పెట్టి తగువు తీర్చాడు. ఆ మాట హిందూపురంలో వాళ్ళ వీధి మసీదు కమిటీ దాకా పోయింది. ఆ మసీదులో ఒక్కపొద్దు విడిచే వేళయిందని సాయంత్రం సైరన్ నొక్కేది జహీర్ తండ్రి గౌస్‌సాబ్. పెద్ద మసీదు సైరన్ వినబడ్డాక తాను నొక్కడం ఆయన పద్ధతి. గాలి ఎదురైతే అది వినబడదు, వీధిలో గొడవ. ఈ ఏడు ఆ పని జహీర్ పెట్టెకు అప్పజెప్పారు. యాంటెన్నా తీగ గదిలోని చిన్న పెట్టెకు వస్తుంది. పెట్టె నుంచి ఇంకో తీగ గోడ దాటి పక్కనే ఉన్న మసీదు సైరన్‌కు పోతుంది. పెట్టె టైము పట్టుకుంటుంది. ఏ రోజు ఎప్పుడు మోగాలో జహీర్ అందులో ఎక్కించాడు.

"ఇంక మనం ఎవురి సైరన్ కోసరమూ చెవులు పెట్టుకోని కూచోవద్దు. ఊరంతా మనదే వింటాది," అని పొద్దున్నుంచీ అంటూనే ఉన్నాడు.

డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ చదివిన షహీన్ పెట్టె టైమును ఫోన్‌తో పోల్చి చూసింది. తేడా లేదు. అయినా మనసు కుదురుగా లేదు. గంజి కలిపింది, మూత పెట్టింది, మళ్ళీ తీసింది. పొద్దు వాలుతుండగా ఆరేసిన బట్టల వంకతో మిద్దె ఎక్కింది.

సైరన్ మోగింది. వీధి పొడవునా గ్లాసుల చప్పుడు, బిస్మిల్లాలు. షహీన్ పడమటికి చూసింది. రైలు పట్టాల అవతల సూర్యుడు ఎర్రగా, నిండుగా ఉన్నాడు.

మెట్లమీంచే పిలిచింది. "ఇదో, పొద్దు ఇంకా మునగలేదు!"

జహీర్ నోట్లో ఖర్జూరం. "క్షణం తేడా రాదు. ఉపగ్రహాల టైము అది."

"టైము బాగానే ఉండాది. నువ్వొచ్చి సూర్యున్ని చూడు."

అతను ఎక్కి చూశాడు. యాంటెన్నా వైపు చూశాడు. ఫోన్ తీసి చూశాడు.

"ఎప్పుడు మోగాలని పెట్టినావు? ఆ టైములు యాడివి?" అంది షహీన్.

"నెట్‌లో తీసుకున్నా. హిందూపురం లేకుంటే హైదరాబాదుది పెట్టినా. దేశమంతా ఒకటే గడియారం కదా!"

"గడియారం ఒకటే. సూర్యుడు ఆడ మనకంటే ముందు మునుగుతాడు."

జహీర్ కిందికి దిగి మసీదుకు పరిగెత్తాడు. అజాన్ ఇంకా మొదలవలేదు. మైకు చెడిందని చెప్పి ఆపించాడు. కాసేపటికి పొద్దు మునిగింది, పెద్ద మసీదు సైరన్ దూరం నుంచి వినబడింది. షహీన్ అప్పుడు నీళ్ళు తాగింది.

నమాజు చేసి మగవాళ్ళు వచ్చాక అందరూ కింద పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ చుట్టూ భోజనానికి కూర్చున్నారు. గంజి గిన్నెలు పొగలు కక్కుతున్నాయి, ఎవరూ ముట్టుకోలేదు.

"నేనప్పుడే అనుకుంటి, ఖర్జూరం ఈ పొద్దు ఇంత తొందరగా నోట్లోకి వచ్చిందేమని," అంది రోషన్‌బీ.

"నువ్వు ఊరుకోమే," అన్నాడు గౌస్‌సాబ్. "తెలీక జరిగింది. రేపటికి సరిచెయ్యి జహీరూ. ఎవురికీ చెప్పొద్దు. మొదటి రోజే కమిటీలో తల దించుకుంటే రంజాన్ అంతా ఎత్తలేవు."

జహీర్ చెంచాతో గంజి కలపసాగాడు.

"ఈ ఒక్కపొద్దు చెల్లదు మామా," అంది షహీన్. "పండగైనాక ఇంకొకటి ఉండాల. చెప్పకుంటే వాళ్ళెట్లా ఉంటారు? మన వీధి రఫీక్ బేల్దారి పనికి పోయి ఇటుకలు మోసినా, ఎండలో గుక్కెడు నీళ్ళు ముట్టలా. ఎదురింటి అఫ్రీన్ కడుపుతో ఉండి కూడా ఒక్కపొద్దు ఉండింది."

"నీది చెల్లింది కదమ్మా. నీకెందుకంత?"

"నాది ఒక్కదానిదే చెల్లినందుకే నాకు కూడు దిగలేదు మామా. ఆడవాళ్ళకు నేను పోయి చెప్తా."

గౌస్‌సాబ్ కొడుకు వైపు చూశాడు, వద్దని చెప్పమన్నట్టు.

జహీర్ చెంచా కింద పెట్టాడు. "చెప్పు," అన్నాడు. "రాత్రి ఇషా నమాజుకు అందరూ వస్తారు. మగోళ్ళకు నేను నిలబడి చెప్తా, మైకు చెడలేదని కూడా. నాయనా, రేపు సైరన్ నువ్వే నొక్కు, పెద్ద మసీదుది విన్నాక. మన ఊర్లో పొద్దు మునిగే టైములు షహీన్ లెక్క కట్టిచ్చేదాకా ఆ పెట్టెకు సైరన్‌తో పని లేదు."